రాళ్ళు కూడా

గైడు సైకిలు దిగలేదు. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీదుగానే పోనిచ్చాడు. ముందు చక్రం కూరుకుపోయి పక్కకి తిరిగింది. కాలు ఆనించి నిలదొక్కుకునేసరికి వడ్ల మధ్య బారెడు గాడి పడింది.

"దిగు," అంది రైతమ్మ. చేతిలో కర్రకి పలక కొట్టిన పార ఉంది. అప్పటిదాకా దాంతో వడ్లు తిరగేస్తోంది.

"ఇది రోడ్డమ్మా. మీ కళ్ళం కాదు."

"దిగి మాట్లాడు. నువ్వు తొక్కేది తిండి."

గైడు దిగాడు. వెనకాల అతని బృందం కూడా ఆగింది. నగరం నుంచి సైకిళ్ళ మీద చేలు చూడటానికి వచ్చినవాళ్ళు. ముందున్నావిడ టూర్ల కంపెనీ మేనేజరు. ఈ దారి ఆవిడకి నచ్చితే ఏడాది పొడుగునా జనాన్ని పంపుతుంది. నచ్చకపోతే గైడు మళ్ళీ బావమరిది కొట్లో పంక్చర్లు వేసుకోవాలి.

"పొద్దుట్నుంచీ దిగడం, ఎక్కడం," అంది మేనేజరు. "దారి బాగుంది, కాదనను. ఎటు చూసినా చేలే. హారన్ అన్నది లేదు. మావాళ్ళకి కావలసింది అదే. ఒక్క బండి చప్పుడు వినబడినా మళ్ళీ రారు. కానీ దిగి నడవడానికైతే సైకిళ్ళెందుకండీ?"

గైడు చెవులు ఎర్రబడ్డాయి. రైతమ్మ వైపు తిరిగాడు.

"విన్నారుగా? ఈ దారి కోసం నేనెంత తిరిగానో తెలుసా? చుట్టుపక్కల రోడ్లన్నీ గాలించాను. ప్రతి దాని మీదా లారీలే. ఇదొక్కటే దొరికింది. దీన్ని కూడా మీరిలా చేస్తే ఎలాగమ్మా?"

"మరి ఎక్కడ ఆరబోయను? నువ్వే చెప్పు." పారతో రెండు పక్కలా చూపించింది. "అటు బురద, ఇటు బురద. ఇంటి ముందు పోస్తే అడుగు నుంచి చెమ్మ లాగుతుంది. మిల్లువాడు గుప్పెట పట్టి చూసి, తడి ఉందని వెనక్కి పంపేస్తాడు. ఈ తారు తప్ప గింజ ఎండే చోటు లేదు నాయనా."

"అందుకని రోడ్డంతా పోసేస్తారా?"

"నడిచేవాళ్ళకి సందు వదిలాం. ఊరంతా అందులోనే నడుస్తోంది. మీరు దిగి నాలుగడుగులు వేస్తే కాళ్ళు అరుగుతాయా?"

వెనకాల ఎవరో నవ్వారు. గైడు కోపం నషాళానికి అంటింది.

"వడ్లు ఒక్కటేనా? అవతల ఆ బండరాళ్ళేమిటి? రోడ్డుకి అడ్డంగా దొర్లించిపెట్టారు. మధ్యలో సైకిలు హ్యాండిల్ కూడా పట్టదు. ఎత్తి దాటించాలి."

"రాళ్ళు లేకపోతే ఇక్కడ గింజ మిగుల్తుందా?" అన్నాడు గోనెసంచి మీద కూర్చున్న రైతమ్మ మరిది. "అవి ఏడాదంతా ఉంటాయి. ఈ పంట, రెండో పంట, అదయ్యాక గడ్డి."

"రోడ్డు మీ తాత వేయించాడా?"

"మీ మామ వేయించాడా?" అంది రైతమ్మ. "నా సొంత తమ్ముడు బతిమాలితేనే ఆ రాళ్ళు కదపలేదు. నువ్వెవరు?"

గైడు జేబులోంచి ఫోను తీశాడు.

"నేనెవరినైతే మీకెందుకు? రోడ్డు మీద ధాన్యం పోయకూడదని రూలుంది. ఇప్పుడే ఆఫీసుకి చెబుతాను. మనుషులొచ్చి మొత్తం ఎత్తి ఆ బురదలో పోస్తారు. అప్పుడు తీరిగ్గా ఆరబెట్టుకోండి."

మరిది లేచాడు. రైతమ్మ పార అడ్డం పెట్టి అతన్ని ఆపింది. గైడు సైకిలు టైరు వంక చూసింది. గాళ్ళలో గింజలు ఇరుక్కుని ఉన్నాయి.

"ఎత్తేస్తే పోతావా?"

"ఎత్తేస్తే చాలు."

"మొత్తం?"

"గింజ కనబడకూడదు. రాళ్ళు కూడా."

"రాళ్ళు కూడానా?"

"ముందు అవే తీయండి."

రైతమ్మ మేనేజరు వైపు తిరిగింది. "ఇది ఈయన మాటేనా తల్లీ, మీ అందరి మాటా?"

"మాకు రోడ్డు ఖాళీగా ఉంటే చాలండీ," అంది మేనేజరు.

తోడికోడలు ఇంట్లోంచి సంచులు తెచ్చింది. రైతమ్మ వడ్లు కుప్ప చేసి, తడి గింజల్ని సంచుల్లోకి దోసిళ్ళతో తోసింది. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. చివరికి చీపురు పట్టి, గైడు బూట్ల దాకా ఊడ్చింది.

"జరుగు," అంది. అతను జరిగాడు. బూటు కింద ఉన్న గింజలు కూడా ఊడ్చుకుంది.

మరిది గునపం తెచ్చి ఒక రాయి కింద పెట్టాడు. రాయి కదలనని మొరాయించింది. గైడు కూడా వెళ్ళి భుజం వేశాడు. రాయి దొర్లి పంటకాలవలో పడింది. దాని వెనకాలే రెండోది.

బృందం సైకిళ్ళెక్కింది. మేనేజరు గైడు పక్కగా వచ్చింది. చెయిన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

"ఇదండీ మేం వెతుకుతున్న దారి," అంది. "వచ్చే వారం నుంచి పంపిస్తాను."

గైడు వెనక్కి తిరిగి, గెలిచినవాడిలా చెయ్యూపాడు.

రైతమ్మ చెయ్యి ఎత్తలేదు. బస్తాకి ఆనుకుని ఫోనులో మాట్లాడుతోంది.

"ఒరే తమ్ముడూ, రాళ్ళు తీసేశాంరా. మీ ఇటుక బట్టీ లారీలన్నీ ఇక ఇటే తిప్పుకోండి."