చెల్లికి వేసిన టీకా

“నీ చేత్తోనే పొడిచావు కదే! ఆ సూదే దాన్ని మింగేసింది,” అంది అమ్మ, చెల్లి శవం పక్కన కూలబడి.

చెల్లీ నేనూ ఒకే ఆసుపత్రిలో నర్సులం. ఫ్లూ టీకా వేసుకోనివాళ్లకు డ్యూటీ లేదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సిబ్బందికి టీకాలు వేసే పని నాకు అప్పగించారు.

“సూది వల్ల కాదమ్మా. ఫ్లూ ఊపిరితిత్తులకు పాకింది,” అన్నాను.

“టీకా వేశాక కూడా ఫ్లూ ఎందుకొచ్చిందే? చెప్పు!”



టీకా వేయాల్సిన రోజు చెల్లి నా మణికట్టు పట్టుకుంది. “రోజూ యాభైమందిని పొడుస్తాను గానీ, నన్ను పొడిస్తే కళ్లు తిరుగుతాయక్కా. నా బంగారం కదూ, టిక్కు పెట్టెయ్.”

నవ్వుతూనే మందు సింకులోకి చిమ్మేసి, రిజిస్టరులో చెల్లి పేరు పక్కన టిక్కు పెట్టాను.