నా చేతిరాత

"రెసిస్టర్ మీద మొదటి గీత ఎరుపైతే రెండు, ఆకుపచ్చైతే అయిదు. తొమ్మిదేళ్ళయినా ఈవిడ బుర్రకి ఎక్కలేదండీ. తప్పుడుది వేసి మీ బోర్డు కాల్చేసింది" అన్నాడు కొత్తపేట రిపేరు షాపు శివశంకర్, రొయ్యల చెరువు రైతు ముందు. "రేపట్నుంచి రానక్కర్లేదమ్మా."

ఆ రెసిస్టర్ వేసింది ఆయనే. ఆ రోజు సత్యదుర్గ అంతర్వేది తీర్థానికి వెళ్ళింది. ఆమె ఆ మాట ఎత్తలేదు.

"ఆయ్. నా చేతిరాత నేను పట్టుకెళ్తానండీ" అంది.

"పట్టుకెళ్ళు. కాగితం ముక్కలేగా!"

రైతు కూడా నవ్వాడు.

అరలో అరవై రెసిస్టర్ డబ్బాలున్నాయి. వాటి మీద విలువలు రాసి అంటించింది ఆమే. ఒక్కో చీటీ గోరుతో పీకసాగింది. సగమయ్యేసరికి శివశంకర్ నవ్వు ఆగిపోయింది.

"దుర్గమ్మా, అవి ఉండనియ్యి."

"కాగితం ముక్కలేగా అండీ."

చీటీలన్నీ సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

రైతు బోర్డు మీద ఇంకో రెసిస్టర్ చూపించాడు. "ఎరుపైతే రెండన్నారు. మరి ఇదెంతండీ?"

శివశంకర్ అలవాటుగా ఆమెవైపు చూశాడు. తొమ్మిదేళ్ళుగా ఆ జవాబు ఆమే గుసగుసగా అందించేది. ఎరుపూ, ఆకుపచ్చా ఆయన కళ్ళకి ఒక్కలాగే కనిపిస్తాయి. ఎవరికీ చెప్పనని ఆమె చేరిన రోజే ఒట్టు వేయించుకున్నాడు.

సత్యదుర్గ ఒట్టు తప్పలేదు. ఎదురుగా బస్టాపులో నిలబడి, ఆయన నోటివైపే చూస్తూ రెండు బస్సులు వదిలేసింది.