గుండీల చొక్కా

"అమ్మో, నా పక్కలో ఎవరిదో చెయ్యి ఉంది! తీసేయండి!"

పొద్దున్నే ఆ అరుపుకి వార్డంతా ఉలిక్కిపడింది. నర్సు పరుగున వచ్చి దుప్పటి తీసింది.

అక్కడున్నది కుట్టుపనావిడ సొంత ఎడమ చెయ్యే.

పక్షవాతం వస్తే చెయ్యి పడిపోతుందని విన్నాంగానీ, పరాయిదైపోతుందని ఎవరనుకున్నారు? ఎడమ చెయ్యి బట్టని నడపకపోతే కుట్టు మిషన్ మూలన పడ్డట్టే. ముప్పై ఏళ్ల పని. ఆవిడ కుమిలిపోయింది.

మర్నాటి నుంచి వ్యాయామం చేయించడానికి ఓ పెద్దాయన వచ్చేవాడు. ఆయన చొక్కా గుండీలు ఎప్పుడూ ఒక కాజా తప్పి ఉండేవి.

"ముందు ఆ గుండీలు సరిగ్గా పెట్టుకోండి బాబాయ్. చూడలేక చస్తున్నా."

"నీ చెయ్యి బాగయ్యాక నువ్వే పెడుదువుగానిలే."

ఆమె రెండు చేతుల మీదా ఒకేసారి గుడ్డముక్కలతో రుద్దేవాడు. తర్వాత ఆ రెండు చేతుల్నీ పట్టుకుని, బట్ట నడిపినట్టు, బల్ల మీద ముందుకీ వెనక్కీ జరిపేవాడు. ఆఖర్న ఒక్క ఎడమ చేతి మీదే ఓ గుడ్డముక్కతో రుద్ది అడిగేవాడు.

"కళ్లు మూసుకుని చెప్పు తల్లీ. ఇది మెత్తగా ఉందా, గరుగ్గా ఉందా?"

"పట్టుకున్నది మీరేగా, మీకు తెలీదూ?"

"నువ్వు చెబితేనేగా తెలిసేది!"

రోజూ ఇదే పోరు. ఓ రోజు ఆవిడ విసుగెత్తి అనేసింది.

"చెయ్యి ఉండీ లేనట్టయితే ఎలా ఉంటుందో మీకేం తెలుసు?"

ఆయన గుడ్డముక్క మార్చి మళ్లీ మొదలుపెట్టాడు.

నలభయ్యో రోజున ఆవిడ కళ్లు తెరవకుండానే అరిచింది.

"మఖమలు! మఖమలు బాబాయ్! ఇది నా చెయ్యే!"

పెద్దాయన మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికెళ్లాక ఆవిడ మొట్టమొదట కుట్టింది ఆయనకి చొక్కాయే. కొలతలెందుకు, కళ్లలోనే ఉన్నాడాయె. ఆ బల్ల, ఆ గుడ్డముక్కలు, ఆ పోరు తలుచుకుని ఒక్కతే నవ్వుకుంటూ, ఆరు కాజాలూ చేత్తోనే కుట్టింది. రెండు నెలలు పట్టింది.

చొక్కా పట్టుకుని వార్డుకి వెళ్తే నర్సు తల దించుకుంది.

"పోయిన వారమే పోయారమ్మా. నిద్రలోనే."

"అయ్యో! ఈ ఒక్క చొక్కాకైనా నా చేత్తో గుండీలు పెడదామనుకున్నానే!"

నర్సు ఆ కాజాలని ఒక్కొక్కటే తడిమింది.

"ఎవరికీ చెప్పుకునేవారు కాదుగానీ, ఆయన పది వేళ్లకీ స్పర్శ పోయి పన్నెండేళ్లయిందమ్మా."