మడమ చప్పుడు

“ఇంజక్షన్ ఇచ్చి చంపేయండి డాక్టర్‌గారూ. ఇక దీన్ని ఇంట్లో పెట్టుకోలేం. అమ్మ పోయినప్పట్నించీ దీనికి మతి చెడింది,” అన్నాడతను, పరాయివాళ్ల కుక్క సంగతి చెప్పినట్టు.

పక్కనే భార్య, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముసలికుక్క ఆస్పత్రి నేలమీద, వాళ్ల కాళ్ల దగ్గర నిద్రపోతోంది.

“ఎలా కరిచింది?”

“అన్నం పెట్టి, లేపుదామని వీపు మీద చెయ్యేశానండీ,” అందామె.

డాక్టర్ కుక్క తల దగ్గర వంగి గట్టిగా చప్పట్లు కొట్టాడు. అది చెవైనా కదపలేదు.

“దీనికి చెవుడమ్మా. వచ్చి చాలాకాలమై ఉంటుంది. నిద్రలో ఒంటిమీద చెయ్యి పడితే హడలిపోయి కరుస్తోంది.”

“మరి అమ్మని ఏనాడూ కరవలేదే?” అన్నాడతను.

“ఆవిడ ఎలా లేపేవారు?”

అతనికి అప్పుడు గుర్తొచ్చింది. గిన్నె తెచ్చినప్పుడల్లా అమ్మ మడమతో నేలను దబదబా తన్నేది. “కింది వాటావాళ్లు నన్ను తిడుతున్నారు, ఆ చాదస్తం మానవే,” అని కసిరేవాడు. “అలా పిలిస్తేనే దానికి తెలుస్తుందిరా,” అనేది.

అతను లేచి, నేల అదిరేలా మడమతో రెండుసార్లు తన్నాడు.

కుక్క కళ్లు తెరిచి తోక ఊపింది. అతన్ని దాటుకుని గుమ్మం దాకా వెళ్లి, మెట్లవైపు చూస్తూ నిలబడింది.