పొయ్యికి దిష్టి

"ఇవాళ కూడా సగం చారు మిగిలింది. అంతా ఆవిడ కళ్ళే!"

ఆవిడంటే తెరేసమ్మ. భవానీపురంలో మాణిక్యం మెస్‌కి రెండు వీధుల అవతల ఉలవచారు భోజనం పెడుతుంది. లారీవాళ్ళంతా అక్కడే.

ఆ బోర్డు కనిపిస్తేనే మాణిక్యానికి ఒళ్ళు మండేది. అందుకే ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళేది; ఆవిడ మొహమైనా ఎరగదు. కడుపుమంటకి కట్టెలక్కర్లేదు కదా!

తన కట్టెల పొయ్యి చూస్తే అత్తగారి నాటిది. బీటలు వారింది. చారంతా పొగవాసన. మెస్ మూసేద్దామా అనేదాకా వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడింది.

"పొయ్యిలు బాగుచేస్తాను తల్లీ. కూలి వద్దు. ఉలవచారుతో ఇంత అన్నం పెట్టు చాలు."

పెట్టింది. ఆవిడ ఆఖరి మెతుకు దాకా తింది.

"చేతిలో రుచి ఉంది. పొగే పాడుచేస్తోంది."

పుట్టమన్ను, ఊక కలిపి బీటలు పూడ్చింది. అడుగున గాలాడేలా ఇనప జాలీ వేసింది. వెనక రేకు గొట్టం పెట్టి కప్పు దాటించింది.

అంతసేపూ మాణిక్యం నోరు ఊరుకోలేదు.

"చారులో ఏదో కలుపుతుంది పెద్దమ్మా, లేకపోతే అంత జనమా? దాని కొట్టు మూతపడితే అమ్మవారికి కొబ్బరికాయ కొడతా."

"మూతపడుతుందిలే," అని ఆవిడ నవ్వి గొట్టం బిగించింది.

మన్ను ఆరాక మళ్ళీ వచ్చి తనే మంట పెట్టింది. పొగంతా గొట్టంలోంచి బుద్ధిగా పైకిపోయింది.

మాణిక్యం ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి పొయ్యికి దిగదుడిచింది.

"తెరేసమ్మ దిష్టి, థూ!" అని నిప్పుల్లో వేసింది.

గుప్పున ఘాటు. ఆవిడ దగ్గి దగ్గి మెలికలు తిరిగిపోయింది.

"దిష్టి ఉంటే ఘాటు రాదంటారుగా తల్లీ. పాపం, ఆవిడ కళ్ళలో ఏమీ లేదు," అని కొంగుతో మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా మెస్ కిటకిటలాడింది. లారీ డ్రైవర్ లాజరు మారు చారు అడిగేసరికి మాణిక్యం ఆనందం పట్టలేకపోయింది.

"ఏం అన్నయ్యా, తెరేసమ్మ చారు చప్పబడిందా? దారి తప్పి ఇటొచ్చారు!"

లాజరు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఆవిడ మొన్న పోయిందమ్మా. ఊపిరితిత్తులు పాడయ్యాయి, పొగ దగ్గరికే పోవద్దన్నారంట. కొట్టు మూసేముందు మమ్మల్నందర్నీ పిలిచి, 'ఇక మాణిక్యం దగ్గర తినండయ్యా, చెయ్యి మంచిది, పొయ్యి నేనే బాగుచేసొచ్చాను' అని చెప్పింది."