ఇంకొక్క నట్టు

కారు కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి.

"దొంగ! దొంగ!" సరోజ కేక పెట్టింది.

అశోక్ చౌక్ వెనక ఆ గల్లీలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. జుట్టుకు దూది నుసి అంటిన మనుషులు పరుగున వచ్చారు. సరోజ భర్త గంగాధర్ ఆ కాళ్లు పట్టి బయటికి లాగాడు.

చేతిలో పానా. ముఖం నిండా గ్రీజు.

"నువ్వా! నిన్న బండి చూపియ్యమని ఎంటపడ్డ పాగల్‌వి నువ్వే గద?"

"ఇంకొక్క నట్టుంది అన్నా. బిగించి పోత."

చెంప ఛెళ్లుమంది.

"కొట్టు, గని ఇను. ఇంజను ముంగట, బండిని తోసే చక్రాలు ఎనక. నడుమ షాఫ్ట్ ఉంటది. దాని జాయింటు ఇరుగుతది. నా బండిది గట్లనే ఇరిగింది."

"నీ బండి వేరే, నా బండి వేరే!"

"ఒక్క బండినే పేర్లు మార్చి అమ్మిండ్రు. కింద అడుగు అంత ఒక్కటే."

"అంటే మగ్గం ఒక్కటే, చద్దర్లు వేరే అంటవ్!" ఎవరో అన్నారు. గల్లీ అంతా నవ్వింది.

గంగాధర్ నవ్వలేదు. తుల్జాపూర్ అమ్మవారి గుడికి పోవాలి. కూతురు శీతల్ పసివాడితో ఎండలో నిలబడి ఉంది.

"వీణ్ణి పోలీసు చౌకీల అప్పజెప్పుండ్రి."

"ఒక్క నట్టు అన్నా..." అంటూనే ఉన్నాడు వాడు, లాక్కుపోతుంటే.

బ్యాటరీ ఉంది. స్టెపినీ ఉంది. పెట్రోలు ఉంది. గంగాధర్ కిందికి వంగి చూడలేదు.

మొక్కు తీర్చుకుని ఘాట్ రోడ్డు దిగుతుంటే కారు కింద ఢామ్మంది.

సరోజ మనవణ్ణి గుండెకు అదుముకుంది. గంగాధర్ బ్రేకు మీద నిలబడ్డాడు. కారు లోయ అంచున ఆగింది.

వెనకే ఆగిన లారీ డ్రైవర్‌తో కలిసి కిందికి దూరాడు. జాయింటు విరిగి షాఫ్ట్ ఊడింది. కానీ నేలకు తగల్లేదు. కొత్త ఇనుప పట్టీ ఒకటి దాన్ని చుట్టి పట్టుకుని ఉంది.

"ఇది రోడ్డుకు గుచ్చుకుంటే బండి ఎగిరి లోయల పడుతుండె," అన్నాడు డ్రైవర్. "పట్టీ ఎవరు కట్టిండ్రు భాయ్?"

పట్టీకి నాలుగు బోల్టులు. ఒకదానికి నట్టు లేదు.

ఇంటివాళ్లతో దొరికిన బస్సెక్కి ఊరు చేరి, గంగాధర్ చౌకీకి ఉరికాడు.

"ఇడిసిపెట్టినం," అన్నాడు హవల్దార్. "ఏం దొంగిలించలే గద."

"ఎటు పోయిండు సాబ్? ఇంటోళ్ల నంబర్ గిట్ల ఇచ్చిండా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

హవల్దార్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"'నా బండికి గా పట్టీ లేకుండె సాబ్, ఇంటోళ్లంత అండ్లనే ఉండిరి' అన్నడు."