కెమెరాకు బొట్టు

అమరనాథ్ నిచ్చెన దిగి, చేతులు దులుపుకుని, ఇంటిల్లిపాదినీ పిలిచాడు. ఇంటిల్లిపాదీ అంటే ఇద్దరే. భార్య శిరీష, తల్లి ఓబులమ్మ.

"నాలుగు కెమెరాలు. గేటుకొకటి, ముందు తలుపుకొకటి, వెనక తలుపుకొకటి, పక్క గోడకొకటి. అన్నీ ఈ కంప్యూటర్లోకి వస్తాయి. ఆఫీసులో కూర్చుని కూడా చూడొచ్చు. ఇప్పుడు రమ్మను ఆ దొంగని!"

అది 2007. బ్రూక్‌ఫీల్డ్‌లో ఆ వీధి మొత్తానికీ అవే మొదటి కెమెరాలు. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఈపాటి పనికి ఇంకొకణ్ణి పిలవడం నామోషీ అనుకున్నాడు అమరనాథ్. రెండు ఆదివారాలు గోడలకు తూట్లు పొడిచి, రౌటరూ తీగలూ తనే బిగించాడు. కాకపోతే తీగ కొలత తప్పింది. అందువల్ల పక్క గోడ కెమెరా మాత్రం మనిషి చేతికందే ఎత్తులోనే ఆగిపోయింది.

ఇంత హంగామా నగల కోసం కాదు, కనకాంబరాల కోసం. గోడవారన మొక్కలు విరగబూస్తాయి. తెల్లారి చూస్తే సగం మాయం! మిగిలిన పూలతోనే ఓబులమ్మ మాల కట్టుకునేది. కరెంటు పోయినా ఆమె మాలలో ఒక్క పువ్వు వంకర పోదు.

దొంగ ఎవరో అమరనాథ్‌కు తెలుసు. గోడ అవతలి భాగీరథమ్మ. ఆమె కొడుకు వెంకటరాయప్ప తన కారును వీళ్ల గేటుకు అడ్డంగా పెట్టిన రోజు నుంచీ రెండిళ్లకూ మాటల్లేవు. ఆ ఇంటివాళ్లతో ఎవరూ పలకకూడదని అమరనాథ్ ఆజ్ఞ.

"ఒక్క వీడియో దొరకనీ. అసోసియేషన్ మీటింగులో అందరిముందూ వేస్తా. మర్నాడే ఆ గోడను ఇంకో నాలుగడుగులు లేపిస్తా. కాకి కూడా తొంగిచూడకూడదు."

"పక్క గోడకు ఎందుకప్పా దండగ? దాన్ని కూడా గేటుకే పెట్టుకో," అంది ఓబులమ్మ.

"నీకు తెలీదమ్మా, ఊరుకో."

ఊరుకుంది. పాపం, దొంగను తిట్టడంలో మాత్రం ఆమెదే ముందు నోరు. పొద్దున్నే మొక్కల దగ్గర నిలబడి, "ఏ మహాతల్లో గానీ, మొగ్గలు కూడా మిగిల్చలేదే!" అని వీధంతా వినబడేలా అరిచేది.

కెమెరాలు పెట్టాక వారం రోజులు ఒక్క పువ్వూ పోలేదు. అమరనాథ్ కాలర్ ఎగరేశాడు.

ఆయుధపూజ వచ్చింది. అమరనాథ్ వీధిలో కారు కడుక్కుంటుంటే, ఓబులమ్మ ముక్కాలిపీట, గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లంతా తిరిగింది. మిక్సీకి బొట్టు, కుట్టు మిషన్‌కు బొట్టు, కంప్యూటర్‌కు బొట్టు. ఇంటికి కాపలా కాసే కెమెరాలను వదులుతుందా? నాలుగింటికీ పెట్టింది.

మర్నాడు కనకాంబరాలు సగం మాయం.

అమరనాథ్ పరుగున వచ్చి, పక్క గోడ కెమెరా రికార్డింగు తెరిచాడు. అమ్మ ఉంగరం వేలు కనిపించింది. అది దగ్గరికొచ్చి గుమ్మడికాయంత అయింది. ఆ తర్వాత అంతా ఎరుపే.

"అమ్మా! అద్దం మీద పెట్టావేంటి? దొంగ దొరికేవాడు కదా!"

"అయ్యో, నా కండ్లకు అంత చిన్న అద్దం యాడ ఆనుతుందప్పా! నల్లగుండాది, నొసలనుకున్నా."

శిరీష కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అమరనాథ్‌కూ నవ్వొచ్చింది. అమ్మ అమాయకత్వం చూస్తే జాలేసింది కూడా. మెత్తటి గుడ్డ తెచ్చి అద్దం తుడిచాడు.

ఆ శుక్రవారం మళ్లీ బొట్టు. దానికి తోడు, శుక్రవారం పెట్టిన బొట్టు శనివారం దాకా చెరపకూడదట. తల్లి అలా అన్నాక కాదనలేకపోయాడు. ఆ శుక్రవారం మళ్లీ పూలు పోయాయి. పై శుక్రవారమూ అంతే. మిగతా రోజుల్లో మాత్రం ఒక్క రేకు కూడా రాలలేదు.

అమరనాథ్ బుర్ర గోక్కుని, చివరికి తేల్చేశాడు.

"అర్థమైంది. ఆవిడకు శుక్రవారం పూజ. అందుకే శుక్రవారమే కోస్తోంది."

"దొంగైనా నిష్ఠగల మనిషే," అంది శిరీష.

మూడో శుక్రవారం. ఆ ఆదివారమే అసోసియేషన్ మీటింగు. గోడ లేపడానికి మేస్త్రీతో కూడా మాట్లాడేశాడు. ఇక మిగిలింది సాక్ష్యమే. బొట్టు గురించి అమ్మకు పొద్దున పదిసార్లు చెప్పి మరీ ఆఫీసుకు వెళ్లాడు.

తొమ్మిదిన్నరకు కాఫీ కప్పుతో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. దొంగ వచ్చేది గోడవైపు నుంచే కాబట్టి, ఎప్పట్లాగే మిగతా కెమెరాల జోలికి పోకుండా నేరుగా పక్క గోడ కెమెరానే తెరిచాడు.

తెరంతా ఎరుపు.

కోపం రాలేదు. దిగులేసింది. అమ్మ చూపు మరీ ఇంతగా మందగించిందా? మీటింగు సంగతి తర్వాత, రేపు ముందు కంటి డాక్టరుకు చూపించాలి. అక్కడికక్కడే ఫోన్ చేసి, డాక్టరు దగ్గర పేరు రాయించాడు. తర్వాత మేస్త్రీకి కూడా ఫోన్ చేసి, ఇప్పుడప్పుడే రావద్దన్నాడు.

ఆ రోజుల్లో ఆ కెమెరాలకు చూపే గాని వినికిడి లేదు.

తెర మీది ఆ ఎరుపుకు అవతల, గోడ మీద రెండు కాఫీ గ్లాసులు పెట్టి, పూలబుట్ట అందిస్తూ ఓబులమ్మ అంటోంది: "తీరిగ్గా కోసుకో భాగీరథక్కా, మిగతా మూడింటికీ బొట్టు నొసటనే పెట్టినా, దీనికి ఒకదానికే కంట్లో పెట్టినా."